కామాటిపురాలో ఎవరుంటారు?

2022 ఫిబ్రవరిలో ఒక హిందీ సినిమా విడుదల కాబోతుండగా బొంబాయి హైకోర్టులో దాని మీద పిటిషన్లు పడ్డాయి. సినిమాలో తమ పేట పేరు తీసేయాలని, ఆ పేరుతో తమ ఇళ్లలోని ఆడవాళ్లందరి మీదా మచ్చ పడుతుందని కామాటిపురా వాసుల తరఫున మొర. కోర్టు ఒప్పుకోలేదు. సినిమా వచ్చింది, ఆడింది, పోయింది. ఆ గొడవలో చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కామాటిపురా అంటే దేశమంతా ఒకే వ్యాపారం, వేశ్యావృత్తి గుర్తుకొస్తుంది కదా, మరి అక్కడ పరువు కోసం కోర్టుకెక్కే సంసారులు ఎక్కడి నుంచి వచ్చారు?

వాళ్లు ఎక్కడి నుంచో రాలేదు. మొదటి నుంచీ ఉన్నది వాళ్లే. పైగా వాళ్లలో చాలామంది మనవాళ్లు.

దక్షిణ బొంబాయిలో గ్రాంట్ రోడ్డుకూ బెలాసిస్ రోడ్డుకూ నడుమ, ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లే పేర్లుగా ఉన్న ఇరుకు గల్లీల పేట ఇది. ఒక పక్క డంకన్ రోడ్డు, ఇంకో పక్క సుక్లాజీ వీధి. ముంబయి సెంట్రల్ స్టేషన్లో దిగితే నడిచిపోవచ్చు. పేరులోని కామాటి ఎవరో తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యం నుంచి పొట్ట చేత పట్టుకుని బొంబాయి చేరిన తెలుగు కూలీలందర్నీ, కులం ఏదైనా సరే, ఆ ఊరు ఆ ఒక్క పేరుతోనే పిలిచింది. వాళ్లలో మున్నూరుకాపులున్నారు, ముదిరాజులున్నారు, పద్మశాలీలున్నారు, ఇంకా ఎందరో ఉన్నారు.

సముద్రం వెనక్కి తగ్గిన చోట

ఈ పేట ఉన్నచోట 18వ శతాబ్దం చివరి దాకా మనుషులు నిలవడానికి వీల్లేదు. బొంబాయి అప్పటికి విడివిడి దీవులు. మహాలక్ష్మి దగ్గరి గండిలోంచి ప్రతి పోటుకూ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి ఈ పల్లపు నేలంతా ముంచేసేది. ఆ గండికి అడ్డంగా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట 1784 ప్రాంతంలో పూర్తయింది. ఆ తర్వాత 1793లో, గుజరాత్ కరువు తరిమితే వచ్చిన పేదలకు పని కల్పిస్తూ, ఎత్తుగా మట్టి పోసి బెలాసిస్ రోడ్డు వేయించారు. కట్ట, రోడ్డు రెండూ పూర్తయ్యాక నీళ్లు తగ్గి, బురద మిగిలింది. ఎవరికీ అక్కరలేని బురద నేల కాబట్టి అది కూలీలకు దక్కింది.

1803లో కోట లోపల పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాలిపోయిన ఇళ్ల జనాన్ని గోడల బయటికి పంపి కొత్త పేటలు వేయాలని సర్కారు చూసింది. అంటే కట్టుబడి పనులు ఎన్నంటే అన్ని. రాయి కొట్టేవాళ్లు, మట్టి తవ్వేవాళ్లు, సున్నం మోసేవాళ్లు, పల్లకీ బోయీలు కావాలి. 19వ శతాబ్దం మొదటి ఏళ్ల నుంచే తెలుగు కూలీలు ఈ పల్లంలో గుడిసెలు వేసుకున్నారు. ఊరు కట్టేవాళ్లు ఊరి చివర ఉండడం ఎప్పుడూ ఉన్నదే. హైటెక్ సిటీ కట్టిన పాలమూరు కూలీలు ఎక్కడ పడుకున్నారో మనకు తెలుసు.

అంత దూరం ఎందుకు పోయారు? ఇక్కడ వెట్టి, అప్పు, ఎండిన చెరువు. అక్కడ రోజు చివర చేతిలో పైసలు. వెట్టిచాకిరీలో మునిగిన మనిషికి నగదు కూలి అన్న మాట ఎంత బలంగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. మొదటి తరాలు కాలినడకన, ఎడ్ల బండ్ల మీద పోయాయి. 1871లో బొంబాయి రైలు రాయచూరు చేరింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు లైను పడింది. అప్పటి నుంచి వలస ఏరై పారింది. కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పోయినవాళ్లు బట్టల మిల్లుల్లోకీ వర్లీ చాళ్లలోకీ, అంటే వరస గదుల కూలి ఇళ్లలోకీ, విస్తరించారు. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని తెలంగాణ వలసను మూడు ముక్కల్లో చెప్తారు. ఆ మూడింట్లో మొదటిది ఊరికే మొదట రాలేదు.

వీళ్లందరూ తట్ట మోసేవాళ్లుగానే మిగిలిపోయారనుకుంటే పొరపాటు. ముకద్దంలు, అంటే కూలీల ముఠా పెద్దలు, మేస్త్రీలయ్యారు, మేస్త్రీలు కాంట్రాక్టర్లయ్యారు. ప్రభాదేవిలో నాగూ సయాజీ వాడీ అని ఇవాళ్టికీ ఒక చోటుంది. అది ఒక తెలుగు కాంట్రాక్టరు పేరు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజం పెట్టాక బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్లలో వ్యంకూ బాలోజీ కాలేవార్, జాయా కారాడీ లింగూ లాంటి తెలుగు కాంట్రాక్టర్లు ముందు వరుసలో ఉన్నారు. మహారాష్ట్ర సామాజికోద్యమ చరిత్రలో తెలుగు డబ్బూ తెలుగు చెమటా ఉన్నాయన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. నాకైతే ఇది కామాటిపురా కథలో అన్నిటికంటే గట్టి ముక్క అనిపిస్తుంది. మనం మాత్రం ఆ పేట పేరు చెప్పగానే గొంతు తగ్గించుకుంటాం.

601 నుంచి ‘ఎర్రదీపాల వాడ’ దాకా

ఇక అసలు చిక్కు దగ్గరికి. కూలీల పేటకు ఆ పేరు ఎప్పుడు అంటుకుంది?

1864లో బొంబాయిలో జనాభా లెక్కలు తీశారు. మొత్తం 8,16,562 మంది. అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇక్కడి పత్తికి పిచ్చి గిరాకీ ఉన్న రోజులవి, ఊరు ఉబ్బిపోయి ఉంది. ఆ లెక్కల్లో వేశ్యావృత్తిలో ఉన్నవాళ్లను పేటలవారీగా రాశారు. ఉమర్‌ఖాడీలో 1,583 మంది, ఫణస్‌వాడీలో 1,323, గిర్గావ్‌లో 1,044. కామాటిపురాలో 601. అంటే ఆనాటికి ఈ వృత్తి ఊరంతా పరుచుకుని ఉంది. కామాటిపురా ఆ జాబితాలో పైన లేదు. ఈనాడు పరువైన మరాఠీ మధ్యతరగతికి గుర్తుగా చెప్పుకునే గిర్గావ్ దానికంటే ఎంతో ముందుంది.

తర్వాత ఏభై ఏళ్లలో మిగతా చోట్ల ఈ వృత్తి తగ్గింది, ఇక్కడ పెరిగింది. ఇది దానంతటదే జరగలేదు. సైనికులకూ నావికులకూ సుఖరోగాలు అంటకుండా చూడాలని సర్కారు 1868 అంటురోగాల చట్టం కింద ఆడవాళ్లను నమోదు చేయించి, బలవంతపు వైద్య పరీక్షలు పెట్టించింది. బొంబాయిలో ఆ చట్టం ఒకసారి అమలై ఆగి, మళ్లీ మొదలై, చివరికి 1888లో రద్దయింది. అదే కాలంలో, 1869లో, సూయజ్ కాలువ తెరుచుకుంది. ఓడలు పెరిగాయి. తూర్పు యూరప్ నుంచి ఆడవాళ్లను ఓడల్లో తెచ్చి ఈ రేవుల్లో దింపే ముఠాలు తయారయ్యాయి. వాళ్లను ఉంచింది సుక్లాజీ వీధిలో. జనం దాన్ని ‘సఫేద్ గలీ’ అన్నారు. తెల్ల ఆడవాళ్లున్న గల్లీ అని. తెల్లవాళ్ల పరువు పోకుండా ఆ ఆడవాళ్లను నలుగురి కళ్లా పడని ఒక మూల ఉంచి, ఆ మూల మీద నిఘా పెట్టడం పోలీసులకు అనుకూలంగా ఉండేది.

1902 బొంబాయి పోలీసు చట్టం వచ్చాక ఫలానా వీధిలో ఈ ఇళ్లు ఉండకూడదని చెప్పే అధికారం పోలీసు కమిషనర్ చేతికొచ్చింది. ఇది ఎలా పనిచేస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మధ్యతరగతి వీధి వాళ్లు అర్జీ పెడతారు, పోలీసులు అక్కడి ఇళ్లు ఖాళీ చేయిస్తారు. ఖాళీ చేసినవాళ్లు గాల్లో కలిసిపోరు. అర్జీ పెట్టే బలం లేని వీధికి చేరతారు. కామాటి కూలీలకు ఇంగ్లీషులో అర్జీ రాసే ప్లీడర్లు లేరు. క్రమంగా ఈ వృత్తి ఊళ్లో ప్రధానంగా కొద్ది చోట్లకే కుదించుకుపోయింది, అందులో ఒకటి ఇది. కాబట్టి ఈ పేట ‘చెడిపోయింది’ అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మిగతా ఊరు తనను తాను బాగుచేసుకునే క్రమంలో దాన్ని ఇక్కడికి ఊడ్చింది.

1917లో డంకన్ రోడ్డులోని ఒక ఇంట్లో అకూతాయి అనే అమ్మాయిని చిత్రహింసలు పెట్టి చంపారు. పారిపోవడానికి ప్రయత్నించడమే ఆమె నేరం. ఆ కేసు ఊరిని కుదిపింది. విచారణ కమిటీ వేశారు, 1923లో బొంబాయి వేశ్యావృత్తి నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్వతంత్రం వచ్చాక 1956లో దేశమంతటికీ ఇంకో చట్టం తెచ్చారు. దాని కథా దాదాపు అంతే.

తర్వాతి దశాబ్దాల్లో ఈ గల్లీల్లోకి వచ్చిపడ్డ ఆడవాళ్లలో నేపాల్ వాళ్లు, బెంగాల్ వాళ్లు, ఉత్తర కర్ణాటక దేవదాసీ కుటుంబాల వాళ్లు ఉన్నారు. మన వైపు జోగినీ వ్యవస్థలో పుట్టినవాళ్లున్నారు. కడప, అనంతపురం కరువు పల్లెల నుంచి ‘పని ఇప్పిస్తాం’ అని నమ్మించి తెచ్చినవాళ్లున్నారు. ఒకే నేల నుంచి, ఒకే కరువు నుంచి రెండు రకాల తెలుగువాళ్లు ఒకే పేటకు చేరారు. రెండు శతాబ్దాల కింద తట్ట పట్టుకుని వచ్చినవాళ్ల మనవలు పై అంతస్తులో, నిన్న అమ్ముడుపోయి వచ్చిన పిల్ల కింది అంతస్తులో. ఒకరి భాష ఒకరికి అర్థమవుతుంది. అయినా ఆ మెట్ల మీద వాళ్లు ఒకరినొకరు పలకరించుకునే పరిస్థితి తక్కువ.

50,000 అన్న అంకె

ఈ పేట జనాభా గురించి పత్రికల్లో ఎప్పుడూ తిరిగే అంకెలు రెండు. 1992లో ఇక్కడ 50,000 మంది సెక్స్ వర్కర్లు ఉండేవాళ్లని, 2009 నాటికి 1,600 మంది మిగిలారని. ఎక్కడ చూసినా ఇవే.

రెండో అంకె సంగతి తర్వాత చూద్దాం. మొదటిదాన్ని కాస్త నిలబెట్టి అడుగుదాం. పునర్నిర్మాణం కోసం మ్హాడా, అంటే మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, లెక్కగట్టిన ప్రకారం కామాటిపురా విస్తీర్ణం దాదాపు 34 ఎకరాలు. సుమారు 1,37,600 చదరపు మీటర్లు. అందులో 50,000 మందిని సర్దితే రోడ్లు, మెట్లు, దుకాణాలు, మసీదు, గుడి అన్నీ కలిపి తలా మూడు చదరపు మీటర్లు కూడా రాదు. ఇళ్లు మూడు నాలుగు అంతస్తులే కదా అనొచ్చు. సరే, కానీ అక్కడ సుమారు 8,000 మంది అద్దెదారులు కూడా ఉన్నారు. వాళ్లలో దుకాణాలవాళ్ల కంటే కాపురాలున్నవాళ్లే ఎక్కువ. ఇంటికి నలుగురైదుగురు చొప్పున వేసుకున్నా ముప్పై వేల దాకా తేలతారు. వాళ్లను ఎక్కడ పెడదాం? పక్కనున్న ఫాక్‌లండ్ రోడ్డు, ఫోరస్ రోడ్డు, పీలా హౌస్ అన్నిటినీ కలిపి ‘కామాటిపురా’ అనేయడం వల్ల వచ్చిన అంకె అది అని నా అనుమానం. పేరు ఒకసారి ముద్రగా మారాక చుట్టుపక్కల వీధుల లెక్కంతా దాని ఖాతాలోనే పడుతుంది.

ఇలాంటి పేటల్లో సర్కారు లెక్కలకూ పట్టు దొరకదు. కారణాలు వేరువేరు. జనాభా లెక్కలకు వచ్చిన మాస్టారికి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ తన వృత్తి చెప్పదు, చెప్పినా ఆయన దానిని ‘ఇతరములు’లో వేస్తాడు. ఇల్లు మారుతూ ఉండేవాళ్లు, కుట్టు మిషను పక్కనే చాప వేసుకుని పడుకునే కార్ఖానా పనివాళ్లు తేలిగ్గా తప్పిపోతారు. మాతృభాష గడిలో మరో గారడీ జరుగుతుంది. నాలుగో తరం కామాటి కుర్రాడు ఇంట్లో సగం తెలుగు, సగం మరాఠీ, వీధిలో బంబయ్యా హిందీ మాట్లాడతాడు. ఇంటిపేరు చివర ‘వార్’ చేరి మరాఠీ పేరులా వినిపిస్తుంది. అతను ఏ భాష చెప్తే అదే రాస్తారు. ముంబయి కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడుపుతున్న మాట నిజమే, కానీ ఉద్యోగం ఇంగ్లీషు అడుగుతుంటే పిల్లల్ని అక్కడికి ఎందరు పంపుతారు? అందువల్ల ఒక పేట తన పేరులోనే తెలుగువాళ్లను మోస్తూ, లెక్కల్లో మాత్రం వాళ్లను పోగొట్టుకుంటూ ఉంటుంది. బతుకమ్మ పండక్కి బయటికొచ్చే ఆడవాళ్లను చూస్తే భాష గడి చెప్పనిది తెలుస్తుంది.

ఇక తగ్గుదల సంగతి. అంకె ఏదైనా, తగ్గింది మాత్రం నిజం. 1990ల మధ్యలో ముంబయి సెక్స్ వర్కర్లలో సగానికి పైగా హెచ్.ఐ.వి. ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఎందరో చనిపోయారు, ఎందరో రోగంతో సొంతూళ్లకు వెళ్లి అక్కడ పోయారు. 1996 ఫిబ్రవరిలో పోలీసులు పెద్ద దాడి చేసి నాలుగు వందల మందికి పైగా ఆడవాళ్లను, బాలికలను పట్టుకున్నారు. వాళ్లలో నేపాలీలు చాలామంది ఉన్నారు. తర్వాత సెల్‌ఫోను వచ్చింది. గుమ్మంలో నిలబడాల్సిన అవసరం పోయింది, వ్యాపారం శివారు అపార్టుమెంట్లకు చెదిరింది. అంటే 1,600 అన్న అంకె ఈ పేటలో తగ్గుదలనే చెప్తుంది, ముంబయిలో తగ్గుదలను చెప్పదు. ఖాళీ అయిన గదుల్లోకి బ్యాగులు కుట్టే కార్ఖానాలు, జరీ పనివాళ్లు, చిన్న గోదాములు వచ్చాయి. ఆ పనివాళ్లలో ఎక్కువమంది ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చిన ముస్లిం యువకులు.

ఇంకో లెక్క కూడా చూడాలి. పాత ముంబయి నగర జిల్లా జనాభాయే తగ్గుతోంది. 2001లో 33,38,031 ఉన్నది 2011లో 30,85,411 అయింది. మిల్లులు మూతపడ్డాయి, పిల్లలు పెళ్లయ్యాక శివార్లకు పోతున్నారు. కామాటిపురా నుంచి కుటుంబాలు వెళ్లిపోవడానికి పరువు ఒక్కటే కారణమని చెప్పే కథనాలు ఈ సంగతి మరిచిపోతాయి. పరువు కారణం కాదని కాదు. ఉద్యోగాల దరఖాస్తుల్లో చిరునామా ‘ముంబయి సెంట్రల్’ అనో ‘నాగ్‌పాడా’ అనో రాసుకునేవాళ్లు అక్కడ మామూలే. కానీ 150 చదరపు అడుగుల గదిలో రెండో కోడలికి చోటు లేకపోవడం అంతకంటే పాత కారణం.

కదలనివ్వని అద్దె

మరి ఇన్ని ఇబ్బందులుంటే ఇన్ని తరాలు ఎందుకు అంటిపెట్టుకున్నారు? జవాబు పగిడీలో ఉంది. 1947 బొంబాయి అద్దె చట్టం అద్దెలను దాదాపు గడ్డకట్టించింది. ముంబయిలో పగిడీ అంటే ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి, తర్వాత నామమాత్రపు అద్దె కడుతూ తరతరాలుగా ఉండిపోయే హక్కు. యజమానికి అద్దెలో ఏమీ మిగలదు కాబట్టి మరమ్మతు చేయించడు. అద్దెదారుకు గది అమ్ముకోగల ఆస్తి లాంటిది కాబట్టి వదలడు. ఇళ్లు మాత్రం పాతబడి కూలడం మొదలుపెట్టాయి. 1969లో మరమ్మతుల బోర్డు కోసం చట్టం చేసి, పాత ఇళ్ల మీద సెస్సు వేశారు. ‘సెస్సు బిల్డింగ్’ అన్న ముంబయి మాట అప్పటిదే. కామాటిపురాలో అలాంటివి 900కు పైగా ఉన్నాయి. చాలావాటికి వందేళ్లు ఇటూ అటూగా ఉంటాయి.

ఆ చట్టం కూలీల మనవలను కాపాడింది, దక్షిణ ముంబయి నడిబొడ్డున నిలబెట్టింది. అదే చట్టం పగిడీ కాగితం ఉన్న మనిషిని చిన్న యజమానిగా మార్చి, అతని కింద కాగితాల్లేని ఇంకో జనాన్ని పుట్టించింది. ఘర్‌వాలీ, అంటే వేశ్యాగృహం నడిపే ఆవిడ, ఒక గది తీసుకుని మంచాలవారీగా అద్దెకిస్తుంది. కార్ఖానా సేఠ్ ఇంకో గది తీసుకుని పదిమంది పనివాళ్లను పెడతాడు. కాగితం మీద అక్కడ ఉన్నది ఒక్క అద్దెదారు.

ఇప్పుడు మొత్తం పేటను పడగొట్టి ఎత్తైన టవర్లు కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం అందుకు ఒప్పుకుంది. అర్హులైన అద్దెదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తామంటున్నారు. గిర్గావ్‌కూ ముంబయి సెంట్రల్‌కూ మధ్య 500 అడుగుల ఇల్లంటే కోట్ల మాట. నూరేళ్లు చిరునామా దాచుకున్న కుటుంబానికి ఆ చిరునామాయే ఇప్పుడు ఆస్తి. తాత పేరున ఉన్న రసీదును ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవాల్సిన ఇళ్లలో తగాదాలూ తప్పవు.

అర్హుల జాబితాకు అద్దె రసీదు కావాలి, కరెంటు బిల్లు కావాలి, పేరు కావాలి. మంచం అద్దెకు తీసుకున్న ఆడమనిషికి రసీదు ఎవరూ ఇవ్వలేదు. కార్ఖానా కుర్రాడి ఆధార్ మీద బీహార్ చిరునామా ఉంటుంది. పైగా కట్టడం అయ్యేదాకా అందరూ వేరే చోట ఉండాలి. మ్హాడా తాత్కాలిక శిబిరాలకు పోయి దశాబ్దాలు అక్కడే ఉండిపోయిన పాత ఇళ్లవాళ్లు ముంబయిలో చాలామంది ఉన్నారు, వాళ్ల పిల్లలు ఆ శిబిరాల్లోనే పుట్టి పెరిగారు. అందుకే ఇవాళ కామాటిపురాలో జనాభా ఎంత అని అడిగితే ముందు ఎదురు ప్రశ్న వేయాలి: రసీదు ఉన్నవాళ్లనా, రాత్రి అక్కడ పడుకునేవాళ్లనా? మొదటి అంకె ఎనిమిది వేలు. ప్రభుత్వం ఇళ్లు కట్టేది ఆ అంకెకే.